చుట్టూ ఎండుటాకులు

నేను పిరికివాణ్ణి. ముందే చెప్పేస్తే మీకూ నాకూ తేలిక. చూడ్డానికి మద్దిమొద్దులా ఉంటాను, గూడెం నుంచి ఏన్కూరు దాకా ఆటో నడుపుతాను, గొంతు కూడా పెద్దదే. అయినా ఆ ఏడు ఇప్పపువ్వు రాలే కాలంలో నేను చేసిన పనికి ఊరంతా నవ్వింది. అందరూ తమ తమ చెట్ల కింద చీపుళ్ళతో ఊడుస్తుంటే, నేను వాగు అవతల నుంచి ఎండిన టేకాకులు గోనెసంచుల్లో కుక్కుకొచ్చి మా చెట్టు చుట్టూ పోశాను.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద నేల నున్నగా ఉంటే ఏరడం సులువు, పువ్వుకు చెత్త అంటదు. అందుకే పూలకాలం వస్తుందనగానే ఎవరి చెట్టు కింద వాళ్ళు ఊడ్చుకోవడం మా కోయగూడేల్లో తాతల నాటి పద్ధతి. ఒక్కో ఇంటికి అడవిలో ఒకటో రెండో చెట్లుంటాయి. మాకున్నది ఒక్కటే. అది మా అవ్వకు ఆమె అత్త నుంచి వచ్చింది. అవ్వ అంటే మా అమ్మే, పేరు ముత్తక్క. ఆమె ఊడిస్తే ఆ చెట్టు కింద విస్తరి లేకుండా అన్నం వడ్డించుకోవచ్చని చెప్పుకునేవాళ్ళు.

అంతకు ముందు ఏడు, అంత నున్నగా ఊడ్చిన ఆ నేల మీదే, వంగి పూలేరుతున్న అవ్వ మీద ఎలుగుబంటి పడింది. ఇప్పపువ్వంటే దానికీ ప్రాణమే. పక్క చెట్ల కింద ఉన్నవాళ్ళు కేకలు పెట్టుకుంటూ ఉరికి వచ్చేసరికి అది వెళ్ళిపోయింది. భద్రాచలం దవాఖానాలో అవ్వ ముఖానికి కుట్లు వేశారు. చెంప అతుక్కుంది. ఎడమ కన్ను మాత్రం పోయింది.

ఇంటికొచ్చాక ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. ఎక్కడ కూర్చున్నా ఎడమపక్క గోడ ఉండాలి. తినేటప్పుడూ గోడే, పడుకున్నా గోడే. గడప దాటి వాకిట్లోకి కూడా వచ్చేది కాదు. ఏడాదంతా అలాగే గడిచింది.

నాకు పట్టుకున్నది వేరే జబ్బు. ఆటో నడుపుతూ టేకుతోట మలుపు దగ్గరికి వచ్చేసరికి గుండె దడదడలాడేది, చేతులు మొద్దుబారేవి, గాలి అందేది కాదు. బండి పక్కకు ఆపి, టైరు చూసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. వెనక కూర్చున్నవాళ్ళు దిగి, టైరు బాగానే ఉంది కదా అని నా ముఖం చూసేవాళ్ళు. చీకటి పడ్డాక నిద్ర వచ్చేది కాదు. వచ్చినా ఎలుక కదిలితే లేచి కూర్చునేవాణ్ణి.

చివరికి ఖమ్మం పెద్ద దవాఖానాకు పోయాను. పరీక్షలన్నీ చేసి గుండె భేషుగ్గా ఉందన్నారు. మరి ఈ దడ ఏమిటంటే, కౌన్సిలర్ నిర్మలాదేవి మేడం దగ్గరికి పంపారు.

"ఎలుగుబంటి మీ మీద పడిందా రాజేష్?" అని అడిగింది ఆమె.

"లేదు మేడం. మా అవ్వ మీద."

"మీరు చూశారా?"

"లే. నేను గప్పుడు ఆటో స్టాండ్ల ఉన్న."

"మరి మీకు రోజూ ఎక్కడ కనిపిస్తోంది?"

నేను నా తల మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి.

"భయం వచ్చినప్పుడు మీరు ఇక్కడ ఉండటం లేదు" అంది మేడం. "జరిగిపోయినదాని దగ్గరికైనా పోతున్నారు, జరగనిదాని దగ్గరికైనా పోతున్నారు. ఈ నిమిషంలోకి రండి. కంటికి ఏం కనబడుతోంది, చెవికి ఏం వినబడుతోంది, ఒంటికి ఏం తగులుతోంది అని మీలో మీరే అడిగి, మీరే జవాబు చెప్పుకోండి. ఊపిరిని ఆపకండి, తరమకండి. వస్తుంటే గమనించండి, పోతుంటే గమనించండి. ఏదీ, ఇప్పుడు చెప్పండి."

నేను చెప్పాను. గోడకు పాత క్యాలెండరు. ఫ్యాను కిర్రుమంటోంది. కుర్చీ ఇనుము చల్లగా ఉంది. ఫినాయిలు వాసన. చెబుతుంటే నిజంగానే ఛాతీ మీద బరువు కొంచెం దిగింది.

"ఎలుగుబంటి ఉందా?"

"ఈడ లేదు మేడం."

"అంతే."

"మరి అడివిల ఉంటే?"

"ఉంటే, ఉందని తెలుస్తుంది" అంది.

ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. బస్సులో వస్తూ దారి పొడుగునా దాన్నే తిట్టుకున్నాను.

ఇంటికి రాగానే అవ్వ గోడ పక్క నుంచి అడిగింది. "ఏమన్నరు బిడ్డా?"

చెప్పాను. అంతా విని, ఉన్న ఒక్క కంటితో నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"గింతేనా? ఖమ్మం దాక పోయి, చెవులున్నయని తెలుసుకొచ్చినవా?"

నా భార్య పుష్పలత నవ్వు ఆపుకోలేక చేట పట్టుకుని వాకిట్లోకి పోయింది.

నవ్వితే నవ్వారని మేడం చెప్పింది చేస్తూనే ఉన్నాను. మలుపు రాగానే, ముందు రోడ్డు, చేతిలో హ్యాండిల్ వణుకు, డీజిలు వాసన, వెనక సీట్లో ముసలమ్మ దగ్గు, అని లోపల చెప్పుకునేవాణ్ణి. కొన్నిసార్లు మలుపు దాటేవాణ్ణి. కొన్నిసార్లు టైరు చూసుకునేవాణ్ణి.

శివరాత్రి పోయి ఎండ ముదురుతుండగా ఇప్పచెట్లు మొగ్గ తొడిగాయి. గాలి తిరిగినప్పుడల్లా అడవి నుంచి ఆ తియ్యటి వాసన లేతగా వచ్చేది. చిన్నప్పటి నుంచి ఆ వాసన వస్తే నోరూరేది నాకు. ఆ ఏడు ముక్కు మూసుకున్నాను. మర్నాడే ఏన్కూరు పోయి, చెంచురామయ్యగారి ఇంటి వెనక గది కిరాయికి మాట్లాడాను. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిరపతోటలు వేసుకుని స్థిరపడిన రైతు.

"మీ ఇష్టం వచ్చినప్పుడు దిగండయ్యా, గది కడిగించి ఉంచుతాను" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

పుష్పలత ఆ తాళంచెవిని చూసి, అదేదో చచ్చిన తేలు అయినట్టు దూరంగా నిలబడింది.

"ఎవ్వలనడిగి తీస్కున్నవ్?"

"అందరి కోసమే గద."

"ఆడ ఏం జెయ్యాలె మేము? పొద్దుగూకులు గోడలు చూస్కుంట కూసోవాల్నా?"

"పానమన్న దక్కుతది."

"నీ భయానికి ఏన్కూరు తొవ్వ ఎరుక లేదనుకున్నవా? నీ ఎంబడే ఆటో ఎక్కుతది, నీ పక్కనే కూసుంటది. కిరాయి కూడ ఇయ్యదు."

నేను గట్టిగా అరిచాను. పుష్పలత నాకంటే గట్టిగా అరిచింది. అవ్వ మాత్రం గోడ వైపు తిరిగి, "పూలు కానియ్యిండ్రి, అటెనుక చూద్దం" అంది.

నాలుగు రోజులకు గూడెం పెద్ద సీతయ్య మా ఇంటికొచ్చాడు. మా దగ్గర ఇప్పపువ్వు పండుగ కాకుండా ఎవరూ పువ్వు ముట్టరు. పండుగ అయ్యాక కూడా ఏ చెట్టుకు ఆ చెట్టు, తొలిపువ్వు ఆ ఇంటి పెద్ద ఆడమనిషే ఏరాలి. ఆమె చెయ్యి పడ్డాకే మిగిలినవాళ్ళు గంప దించుతారు. ఒక పూలకాలమంతా ఆమె చెయ్యి పడకపోతే ఆ చెట్టును అడవికి వదిలేసినట్టే. మరుసటి ఏడు ఇంకో ఇంటివాళ్ళు దాని కింద ఊడ్చుకోవచ్చు.

సీతయ్య గడపలో కూర్చుని, చుట్ట వెలిగించకుండానే వేళ్ళ మధ్య తిప్పాడు. "ముత్తక్కా, ఈ ఏడు నీ కోడలి చెయ్యి ఏపిద్దమా? ఎవ్వరం తప్పు పట్టం. దేవత కూడ పట్టదు."

"నేను సచ్చిపోయిన్నా సీతన్నా?"

"గట్ల అంటానా నేను?"

"సచ్చినంక ఏపియ్యి కోడలి చెయ్యి."

సీతయ్య వెళ్ళిపోయాక అవ్వ నన్ను పిలిచింది.

"ఇగో బిడ్డా. ఈ పూలకాలంల ఒక్క పొద్దు ఆ చెట్టు కింద కూసుంట. పొద్దు పైకెక్కే దాక కూసుంట. కూసుంటే, నీ తాళంచెవి వాపస్ ఇచ్చెయ్యాలె. కూసోలేకపోతే మూట గట్టు, నువ్ ఏడికంటే ఆడికి వస్త."

బేరం నాకే లాభంగా కనిపించింది. వాకిలి దాటలేని మనిషి అడవిలో ఏం కూర్చుంటుంది? సరేనన్నాను. అప్పుడు ఆమె, ఏడాదిలో మొదటిసారి, ఆ రోజు సంగతి ఎత్తింది.

"ఆకు సప్పుడు లేదు బిడ్డా ఆ పొద్దు. నేనే ఊడ్చిపెట్టిన. అది వచ్చింది నాకు ఇనబడలే. నేనున్నది దానికి ఇనబడలే. ఒక్కపారే ఇద్దరం బెదిరినం."

ఆ మాట విన్నాక నాకు కుదురు లేదు. ఎండాకాలంలో టేకాకు మీద పిల్లి నడిచినా అప్పడాలు విరిగినట్టు చప్పుడవుతుంది. పెద్ద పెద్ద ఆకులు, పొడిబారి ఎక్కడివక్కడ పడి ఉంటాయి. వాటిని సంచులకెత్తి తెచ్చి, కొమ్మల నీడ ఎంత దూరం పడుతుందో దానికి కాస్త ఇవతలగా చెట్టు చుట్టూ కట్టలాగా పోశాను. లోపల పూలు పడేచోట నున్నగా ఊడ్చాను. ఏది రావాలన్నా ఆ ఆకులు తొక్కే రావాలి. చెట్టు చూసిపోయినవాళ్ళు ఊళ్ళో చెప్పారు. నా ఆటో ఎక్కినవాళ్ళు, "రాజేషూ, మా దొడ్లె కూడ ఇంత చెత్త పొయ్యరాదు" అని వేళాకోళమాడారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకో రెండు సంచులు పోసి వచ్చాను.

పండుగ అయిన మర్నాడు, తూరుపు తెల్లబడకముందే ముగ్గురం బయల్దేరాం. ముందు పుష్పలత, నెత్తిన గంప, చేతిలో టార్చి. వెనక నేనూ అవ్వా. ఆమెకు ఎడమపక్క గోడ కావాలి కదా, దారిలో ఆ గోడ నేనే. నా చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. గూడెం చివరి ఇంటి దగ్గర ఆగిపోయింది. కాళ్ళు కదలలేదు. ఒళ్ళంతా చెమట. వెనక్కి తీసుకొచ్చేశాం.

నిజం చెబుతున్నాను, వెనక్కి తిరిగినప్పుడు నా ఒళ్ళు తేలికైపోయింది. ఆ తేలికదనం చూసి నాకే సిగ్గేసింది.

రెండో పొద్దు వాగు దాకా పోయాం. రాళ్ళ మీద కూర్చోబెట్టాను. చుట్టూ ఇంకా మసక. అవతల గట్టు మీద చెట్లన్నీ నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. నాకు దడ మొదలైంది. పెదాలు కదుపుతూ నా పాఠం మొదలుపెట్టాను.

"ఏం సదువుతున్నవ్ రా?" అంది అవ్వ.

"మేడం చెప్పింది."

"జర గట్టిగ సదువు. నేను కూడ ఇంట."

"ఏం ఇనబడ్తాంది అని అడగాలె. మనమే చెప్పాలె."

"ఏం ఇనబడ్తాంది నీకు?"

"వాగు. పికిలిపిట్ట."

"ఏం తగుల్తాంది?"

"నీ గోర్లు. చొక్కాల నుంచి గుచ్చుకుంటున్నయ్."

అవ్వ పట్టు కొంచెం వదులు చేసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత నేను అడిగాను, ఆమె చెప్పింది. నీళ్ళ వాసన, చల్లని రాయి, కోడలి పట్టీల చప్పుడు. ఆ రోజు వాగు దాటకుండానే ఇంటికొచ్చాం గానీ, ఇల్లు చేరాక అవ్వ గంజి అడిగి తాగింది. ఏడాదిగా ఆమె నోరు తెరిచి ఇది కావాలని అడిగింది లేదు.

ఇంకో రెండు పొద్దులకు చెట్టు దగ్గరికి చేరాం. ముగ్గురం ఆకుల మీద అడుగు పెట్టగానే అడవంతా లేచినట్టు చప్పుడైంది. నేను బిగుసుకుపోయాను. అవ్వ ఆగి, ఇంకో అడుగు కావాలని గట్టిగా వేసింది. "మంచిగనే పోసినవ్" అంది. తర్వాత వంగి ఒక పువ్వు తీసి కళ్ళకద్దుకుని, కోడలి గంపలో వేసింది. పుష్పలత కొంగుతో కళ్ళు తుడుచుకుని ఏరడం మొదలుపెట్టింది. చెట్టు మాదే అయింది. బేరం మాత్రం మిగిలే ఉంది, ఎందుకంటే ఆ రోజు అవ్వ చెట్టు మొదలుకు ఎడమపక్క ఆనించి నిలబడిందే గానీ కూర్చోలేదు. కాసేపటికే ఇంటికి పోదామంది.

అది జరిగిన పొద్దు, అన్ని పొద్దుల్లాగే మొదలైంది. మంచు లేదు, గాలి లేదు. పూలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్న చప్పుడు. అవ్వ ఎడమ భుజం చెట్టుకు ఆనించి మొదటిసారి కూర్చుంది. నేను ఆమె ఎదురుగా ఒక వేరు మీద కూర్చున్నాను. పుష్పలత కుడిపక్క వంగి ఏరుతోంది. తూరుపున ఎరుపు ఇంకా రాలేదు.

చెట్టు వెనక ఆకులు చప్పుడయ్యాయి.

అన్ని పొద్దుల నుంచి వింటున్నాను కనుక నాకు చప్పుళ్ళు తెలుసు. కుందేలు గబగబా పోతుంది, అడవికోడి గీరుతుంది. ఇది బరువుగా, తీరిగ్గా ఉంది. ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు. దానితోపాటు ముక్కుతో గాలి పీల్చి వదిలే చప్పుడు.

తల తిప్పి చూశాను. ఆకుల కట్ట మీద నల్లగా నిలబడి ఉంది. మూతి ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. నా తలలో ఏడాది పాటు తిరిగింది చాలా పెద్దది. ఇది అంత లేదు. అయినా లేచి ఉరకాలి. ఉరికితే ఆకులు చప్పుడవుతాయి, అది బెదురుతుంది, బెదిరితే ఏం చేస్తుందో అవ్వ ముఖం చూస్తే తెలుస్తుంది. నేను పోసిన ఆకుల మధ్య నేనే చిక్కుకున్నాను. పుష్పలత పిడికిట్లో పూలతో వంగినది వంగినట్టే ఉండిపోయింది.

అవ్వకు అది కనిపించదు. ఆమె చూడలేని పక్కే ఉంది.

"వచ్చిందా?" అంది చిన్నగా.

"అవ్."

"ఏడుంది?"

"ఆకుల మీద."

"ఊపిరి ఆపినవ్ నువ్. ఇడువు."

నేను విడిచాను. ఏడుపులా వచ్చింది.

"ఏం కనబడ్తాంది బిడ్డా?"

"మూతి."

"ఇంకా?"

"చెవుల మీద వెంట్రుకలు. గడ్డికొసలు అంటుకున్నయ్."

"ఏం ఇనబడ్తాంది?"

"దాని ఊపిరి. పూలు పడుతున్నయ్."

"ఏం తగుల్తాంది?"

"వేరు. కాలి కింద." నా గొంతు నాకే దూరంగా వినిపిస్తోంది. మేడం చెప్పిన వరస తప్పకూడదని పిల్లాడిలా నేనూ అడిగాను. "నీకేం తెలుస్తాంది అవ్వా?"

"సీర తడిసింది. గదొక్కటి తెలుస్తాంది."

అని, దడి అవతలి మనిషితో మాట్లాడినట్టు గొంతు కాస్త పెంచింది. అరుపు కాదు, మామూలు మాట. "ఇగో, ఈడ మేమున్నం. నీ పాలు ఆ పక్కకు పడ్డది. పోయి ఏరుకో."

అది తల ఎత్తింది. ఎంతసేపు అలా నిలబడిందో నేను చెప్పలేను. ఆకులు మళ్ళీ చప్పుడయ్యాయి. కట్ట దాటి లోపలికి రాలేదు. అంచు వెంట నడుచుకుంటూ అవతలికి పోయింది. చివరి కొమ్మ కింద, నేను ఊడవనిచోట రాలిన పూలను మూతితో వెతికి వెతికి తింది. తర్వాత వాగు వైపు దిగిపోయింది. పుష్పలత పిడికిలి విప్పితే పూలు ముద్దగా అంటుకుపోయి ఉన్నాయి.

"పోదం పా అత్తా, జల్దీ లే" అంది పుష్పలత.

"పొద్దు పైకెక్కలే గద ఇంకా" అంది అవ్వ. తడిసిన చీర మోకాళ్ళ కింద సర్దుకుని, చెయ్యి చాచి అందినంత మేర పూలు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన రెండు పువ్వుల్లో ఒకటి జారిపోతోంది. దాన్నే మళ్ళీ ఏరుతోంది. ఎండ మా మీద పడే దాకా అలాగే కూర్చున్నాం.

భయం ఆ రోజుతో పోయిందని మీరు అనుకోవచ్చు. పోలేదు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగలేక వాంతి చేసుకున్నాను. అంతకంటే ఆశ్చర్యం, పుష్పలత గంప దించి, గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుని అడిగింది.

"ఆ గది ఇంకా ఉందా?"

"ఉంది."

"పోదమా మరి?"

బేరం ప్రకారం నేను ఓడిపోయాను. గెలిచిన అవ్వ ఆ మాట ఎత్తలేదు. పోదామనే మనిషి ఇప్పుడు నా భార్య, ఉందామని ఎవరూ అనడం లేదు. తాళంచెవి జేబులోనే ఉంది. పెళ్ళాం ఏడుస్తుంటే ఏం చెప్పను? "పూలు కానీ" అన్నాను, మా అవ్వ అన్నట్టే. మర్నాడు తెల్లవారకముందే అవ్వ తయారై గడపలో నిలబడి ఉంది. ఆమె ఎడమపక్క నడవడానికి నేను కావాలి కదా. లేచి వెళ్ళాను. మమ్మల్ని ఇద్దర్నే పంపలేక పుష్పలత గంప ఎత్తుకుని వచ్చింది. దారి పొడుగునా ముగ్గురం, ఏం ఇనబడ్తాంది, ఏం కనబడ్తాంది అని ఒకరినొకరు అడుగుతూనే ఉన్నాం. ఎవరన్నా చూస్తే ఇంటిల్లిపాదికీ దయ్యం పట్టిందనుకునేవాళ్ళు.

ఎలుగుబంటి ఇంకోసారి వచ్చింది. ఆకుల అంచు దాకా వచ్చి, మా మాటలు విని పోయింది. మిగిలిన రోజులు చప్పుడే లేదు, అయినా విన్నాం. సీతయ్య ఒక సాయంత్రం నా ఆటో ఆపి, అటూ ఇటూ చూసి, "నీకాడ సంచులు ఖాళీగ ఉంటే రెండియ్యి, మా చెట్టు కాడ కూడ జర చెత్త పోస్త" అన్నాడు. నేను వేళాకోళం చేయలేదు. సంచులిచ్చాను.

ఉగాది దాటింది. పూలు పలచబడ్డాయి. అర గంప నిండడమే గొప్పగా ఉంది. ఆ చివరి పొద్దుల్లో ఒకనాడు, వేరు మీద కూర్చోవడం నడుముకు కష్టంగా ఉండి, ఊడ్చిన నేల మీద వెల్లకిలా పడుకున్నాను. పైన కొమ్మల్లో ఎర్రటి లేతాకు వేస్తోంది. కంటికి ఆకు కనబడుతోంది అనుకున్నాను. చెవికి పుష్పలత పట్టీలు. వీపుకు నేల చల్లగా ఉంది. ఊపిరి వస్తోంది, పోతోంది. తర్వాతేమయిందో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి ఎండ ముఖం మీద ఉంది. పట్టీల చప్పుడు లేదు. గంప లేదు. మనిషి అలికిడి లేదు. భయం పాత దారినే లేచి వచ్చింది. ఒంటరిగా అడవిలో పడి ఉన్నాను. లేవబోయి చెయ్యి నేలకు ఆనించాను. చేతి కింద ఆకు చప్పుడైంది.

ఏం తగులుతోంది? ఎండుటాకు. ఇక్కడికి ఎలా వచ్చింది? తల తిప్పి చూశాను. చెట్టు చుట్టూ దూరంగా నేను పోసిన ఆకుల్లో సగం ఇప్పుడు నా చుట్టూ ఉన్నాయి. తల దగ్గర, కాళ్ళ దగ్గర, రెండు పక్కలా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. అన్ని టేకాకులు ఈడ్చుకొచ్చి పోస్తుంటే నాకు మెలకువ రాలేదు. ఎలుక కదిలితే లేచే మనిషిని.

అవతల అవ్వ కూర్చుని ఉంది. చెట్టుకు ఆనుకుని లేదు, ఆరుబయట కూర్చుంది. ఆమెకు ఎడమపక్క గోడ లేదు, మొద్దు లేదు, నేను లేను. ఆ పక్కంతా అడవే. ఒళ్ళో పోగేసిన పూలలోంచి పుల్లలు ఏరి పారేస్తోంది.

"పుష్ప ఏది?"

"పోయింది. ఇంట్ల పొయ్యి వెలిగించాలె గద."

"నన్ను లేపద్దా అవ్వా?"

"ఏడాది సంది పండనోన్ని ఎట్ల లేపుత?"

"ఆకులు నువ్వే జరిపినవా?"

"నేనే. ఒంటి కన్ను ఎటని చూస్తది? నీ దగ్గరికి ఏది వచ్చినా నాకు ఇనబడాలె గద."

అవ్వ పుల్లలు ఏరుకుంటూనే, "ఏన్కూరు ఎప్పుడు పోదమంటవ్ మరి?" అంది.

"మాపటికి పోత. నేనొక్కన్నే. తాళంచెవి ఇచ్చొస్త."

"పుష్ప ఊకుంటదా?"

"నేను చెప్త."

"సరే. జల్దీ ఏం లేదు. పండుకో ఇంకింత సేపు."

లేవబోయిన వాణ్ణి, ఆకులు చప్పుడు కాకుండా మెల్లగా మళ్ళీ పడుకున్నాను.